తిన్న గంటకు

జహ్రాలో ఈ ఇంటి వంటగదిలో
పై అరన ఏడు డబ్బాలు.
పేర్లన్నీ అరబ్బీలో ఉండాయి, నాకు చదవను రాదు.
మూతల మీద మేడమ్ పారేసిన గోళ్ల రంగుతో
నేనే గుర్తులు పెట్టుకున్నా:
ఆకు, పువ్వు, ముల్లు, చందమామ,
ఒకదానికి ఉత్త చుక్క.
మిగతా రెండూ వాసనకే తెలుస్తాయి.

ఆకు మేడమ్‌ది. పచ్చ టీ.
కొవ్వు కరిగిస్తాదంట.
మూడు నిమిషాలే నానాల, నాలుగోదానికి చేదు.
అది తాగి, అద్దంలో నడుము చూసుకోని,
రాత్రికి ఖర్జూరం హల్వా చెయ్యమంటాది.
ఇందులో ఆకు తప్పేముంది?

పువ్వు, కర్కదే.
రంగు చూసి అనుమానపడినా, పులుపు తగిలినాక తేలిపోయింది:
ఇది మా ఎర్ర గోంగూర ఇంటిపేరే!
బీపీకని మామా ఫిద్దా తాగుతాది, చక్కెర లేకుండా.
గోంగూర నీళ్లకి వెండి పళ్లెమా అని
మొదటేడు నవ్వుకున్నా.
చేతికి మిషన్ చుట్టి చూస్తే
నూట అరవై నూట నలభైకి దిగింది.
రెండు పూటలా మాత్ర కూడా మింగుతాదిలే,
పేరు మాత్రం పువ్వుకే.

ముల్లు, జాతర్.
ఆ పేరు వినంగానే మా గంగమ్మ జాతర అనుకుంటి.
దగ్గొస్తే పిల్లోళ్లకి పోస్తా,
గొంతులో ముల్లు తీసినట్టే పోతాది.
చందమామ, బాబూనజ్. నిద్రకి.
చిన్న బాబు అది తాగి
ఫోను పట్టుకోని తెల్లార్లూ మేలుకుంటాడు.
ఎండి నల్లబడిన నిమ్మకాయ బాబా కడుపుబ్బరానికి,
మరమియ్య పెద్దమ్మాయి నెలనొప్పికి.

చుక్క నాది.
దాని గుణమేందో ఈ ఇంట్లో ఎవురూ చెప్పలేదు.
నల్లగా మరగబెట్టి, డబ్బా పాలు పోసి,
రెండు యాలక్కాయలు నలిపి,
అందరూ తిన్నాక నేను తిని,
చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే
సింకు కాడ నిలబడి తాగుతా.
ఆ గ్లాసు మీదే సాయంత్రం దాకా
కాళ్లు నిలబడతాయి.

మొన్న కళ్లు తిరిగి పడితే
ముస్తౌసఫ్‌కి తీసకపోయినారు.
రక్తం ఎనిమిదే ఉండాదంట. ఇనుము చాలదంట.
కేరళ నర్సమ్మ చేతులు తిప్పి తిప్పి చెప్పింది:
తిన్న వెంటనే టీ తాగితే
తిండిలో ఇనుముని టీ పట్టుకుంటాది,
ఒంటికి పోనీదు.
నిమ్మకాయ పిండుకోని తిను,
తిన్న గంటకు తాగు.

తాగొద్దంటే మానేద్దును.
గంట యాడ తెచ్చేది తల్లీ?
తిరిగొచ్చేటప్పుడు కార్లో ఇదే గొణుక్కుంటాంటే
డ్రైవర్ మస్తాన్‌వలి నవ్వి
ఇంట్లో మామా చెవిన వేసినాడు.

మర్నాడు అన్నాలయినాక ముసలామె కేక:
ఓబులా! కాళ్లు పీకతాండాయి, రా! తలుపెయ్యి!
నూనె గిన్నె తీస్తే చేతి మీద ఒక్కటేసింది.
గోడ గడియారం చూపించి
ఒక వేలు ఎత్తింది.

కార్పెట్ మీద నేను, మంచం మీద ఆమె.
ఆమె తస్బీ తిప్పతాంటాది,
నేను ముల్లు చూస్తాంటా.
ఆ గదిలో అరబ్బీ లేదు, తెలుగు లేదు,
ఏసీ చప్పుడే.
బయట్నుంచి మేడమ్ పిలిస్తే
కాళ్లూ, కాళ్లూ అని మూలుగుతాది,
నా పక్క చూసి కన్ను గీటుతాది.

గంటకి రెండు గ్లాసులు తెస్తా,
ఆమెకి పువ్వు, నాకు చుక్క.
నాది ఒక గుక్క తాగి
థూ, చక్కెర! అని మొగం చిట్లించి
ఇంకో గుక్క తాగి ఇస్తాది.

నిన్న పక్కింట్లో పనికి కొత్తగా దిగిన పిల్ల,
చిట్వేలు వనజాక్షి,
గోడ మీద నుంచి అడిగింది:
పిన్నీ, ఇన్ని టీలుండాయి గదా,
ఒంటికి ఏది మంచిది?
ఆకు గుణం చెప్పినా, పువ్వు గుణం చెప్పినా,
ముల్లూ చందమామా చెప్పినా.
చుక్క కాడికొచ్చి ఆగి
నేనే అడిగినా:
మీ ఇంట్లో ముసలామె ఉండాదా?